నాలుగు గంటలకోసారి

బొంబాయిలో శిక్షణ ముగించుకుని, తల్లిపాల నర్సుగా తిరిగి వచ్చినప్పటి నుంచీ ఎవాంజెలిన్‌ను ఆసుపత్రిలో అందరూ 'దూధ్ సిస్టర్', అంటే పాల సిస్టర్, అంటున్నారు. మొదట్లో ఆమె ముఖం ముడుచుకునేది. పదకొండేళ్ళు సూదులు పొడిచినా 'సూది సిస్టర్' అనని వాళ్ళకి ఇప్పుడెందుకంత సరదా అని. కానీ బిడ్డకి పాలు పట్టించడం కూడా ఒక చదువేనా అని నవ్విన ప్రతివాళ్ళూ నెల తిరక్కుండా కూతురినో కోడలినో వెంటబెట్టుకుని రావడంతో ఆ పట్టింపు పోయింది.

ఆ గురువారం మధ్యాహ్నం ఆమె స్టీలు ప్లాంటు కాలనీ రుఆబాంధాలో రోహిణి వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళింది. రోహిణికి తొలి కాన్పు. పాప పుట్టి పన్నెండు రోజులు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలున్న పిల్ల, ఆ పొద్దున తూస్తే రెండు కిలోల నాలుగు వందల యాభైకి దిగింది. సోమవారానికి బరువు పెరగకపోతే డబ్బాపాలు మొదలుపెట్టమని డాక్టరుగారు చెప్పేశారు. ఆ మాటకి రోహిణి ఏడవలేదు, తలూపింది. ఎవాంజెలిన్‌ని కంగారుపెట్టింది ఆ తలూపడమే. ఏడ్చే తల్లికి ధైర్యం చెప్పవచ్చు. ఒప్పేసుకున్న తల్లితోనే కష్టం.

ఇంట్లో అడుగుపెట్టగానే గోడ మీద దేవుడి పటాల పక్కన అతికించిన పెద్ద కాగితం కనిపించింది. దాని నిండా స్కేలు పెట్టి గీసిన గళ్ళు. ఆరు, పది, రెండు, మళ్ళీ ఆరు, పది, రెండు. ప్రతి గడిలోనూ 'ఎడమ పది నిమిషాలు, కుడి పది నిమిషాలు' అని రాసి, కింద పొట్టి సంతకం. ఆ సంతకం రోహిణి భర్త మనోజ్‌కుమార్‌ది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆపరేటరు. కూతురి కోసం సెలవు పెట్టి మరీ ఈ డ్యూటీ చేస్తున్నాడు. పాలడబ్బాతో వచ్చిన పుస్తకం ఒకటి ఎవరో ఇచ్చారట. అందులో నాలుగు గంటలకోసారి అని ఉందట. అది డబ్బాపాలు తాగే పిల్లల లెక్క అని ఆ పుస్తకమూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు.

టైము పన్నెండున్నర. రెండు గంటల గడికి ఇంకా గంటన్నర ఉంది. పాప మనోజ్‌కుమార్ భుజం మీద గుడ్డలో పిల్లికూనలా మూలుగుతోంది. రోహిణి మంచం మీద గోడకి తిరిగి కూర్చుంది. వంటగది గడప దగ్గర అత్తగారు కన్నమ్మ వెల్లుల్లి ఒలుస్తూ, అదను దొరికింది కదా అని నోరు విప్పింది.

"నాను సెప్తే ఇంటాడేటి సిస్టరమ్మా. నలుగుర్ని పెంచినాను, ఒక్కడికీ టైం సూసి పాలివ్వలేదు. ఈడు సొంత కూతురికి షిఫ్టు ఏసినాడు."

కన్నమ్మ నియమాలు కన్నమ్మకీ ఉన్నాయి. బాలింత కడుపు జారుతుందని రోహిణికి రోజుకి రెండే రెండు గ్లాసుల నీళ్ళు. ఎవాంజెలిన్ దాని మీద వాదించలేదు. వాము నీళ్ళు మాత్రం అడిగినప్పుడల్లా ఇవ్వాలని చెప్పింది. వాము నీళ్ళంటే మందు కాబట్టి కన్నమ్మకి అభ్యంతరం లేకపోయింది. అందులో వాము ఎన్ని గింజలుండాలో ఇద్దరూ తేల్చుకోలేదు.

గోడ మీద కాగితం చింపెయ్యాలనిపించింది గానీ, చింపితే ఇతను సాయంత్రానికి ఇంకొకటి గీస్తాడు, ఈసారి రంగు పెన్సిళ్ళతో. అందుకని గళ్ళు భలే తిన్నగా గీశారని మెచ్చుకుని, ఫర్నేస్‌ని కూడా ఇలాగే గడియారం చూసి నడుపుతారా అని అడిగింది. మనోజ్‌కుమార్‌కి ప్రాణం లేచొచ్చింది. అడిగినవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో మరి. ఫర్నేస్ చుట్టూ చిన్న చిన్న చూపు రంధ్రాలుంటాయని చెప్పాడు.

"టైం ఉంటది సిస్టర్, కానీ టైం చూసి ఫర్నేస్ నడవదు. నీలం అద్దంలోంచి లోపల మంట చూడాల. అది ఎలాగుందో చూసే ఏటి చెయ్యాలో తెలుస్తది."

"మరి దీని ముఖం చూశారా?"

అతను తల వంచి చూశాడు. పాప అతని చొక్కా జేబు వైపు ముఖం తిప్పి, నోరు తెరిచి వెతుకుతోంది. పిడికిలి నోటిదాకా తెచ్చుకుని, అందక జార్చేస్తోంది. నాలుక బయటికి వచ్చి పోతోంది. ఏడుపు అన్నిటికంటే చివర వస్తుందని, అప్పటికే పిల్ల అలిసిపోతుందని ఎవాంజెలిన్ మెల్లగా చెప్పింది.

మనోజ్‌కుమార్ గోడ మీద కాగితం వైపు చూశాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే పిల్లకేమీ కాదనుకున్నానని, ఎత్తుకోవాలంటేనే భయమేస్తోందని గొణిగాడు. ఆ భయంతోనే పాపని తీసుకెళ్ళి రోహిణి ఒళ్ళో పెట్టాడు.

"నా పాలే సరిగ్గా లేవు దీదీ," అంది రోహిణి గోడకేసి చూస్తూ. "ముఝే పతా హై, నాకు తెలుసు."

ఎవాంజెలిన్ వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రాయిలా గట్టిపడిన రొమ్ముకు కాసేపు కాపడం పెట్టింది. నాలుగు చుక్కలు పిండి మెత్తబరిచింది. పాప పొట్టని తల్లి పొట్టకి ఆనించి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లగా ఉన్నదంతా నోట్లోకి వెళ్ళేలా దగ్గరికి తీసింది. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. కాసేపటికి పాలు చేపుకొచ్చాయి.

"యే ఆవాజ్ ఏంటి దీదీ?" అంది రోహిణి ఆ చప్పుడుకి ఉలిక్కిపడి.

"గుటక. మింగుతోంది."

రోహిణి ఊపిరి బిగబట్టి వింది. ఒక గుటక, ఆగి ఇంకొకటి, ఆ తర్వాత వరసగా. అప్పుడు ఏడ్చింది. ఎవాంజెలిన్ ఊరుకోబెట్టలేదు. పది నిమిషాలయినా, ఇరవై అయినా గది మొత్తంలో ఎవరూ గడియారం వైపు చూడలేదు, కన్నమ్మ తప్ప. ఆవిడకి పప్పు మాడుతుందని భయం.

సోమవారం పొద్దున రోహిణి ఆసుపత్రికి అత్తగారితో వచ్చింది. బరువు పెరగకపోతే ఏం చెప్పి ఇంకో వారం గడువు అడగాలో ఎవాంజెలిన్ రెండు రోజులుగా మనసులో సాధన చేస్తోంది. తూకం పళ్ళెంలో పాపని పడుకోబెట్టింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. ఆమె ఒకటికి రెండుసార్లు చూసుకుని నోరు తెరిచేలోపే, పాప తల పక్కకి తిప్పి నాలుక చాపింది. అంతే, రోహిణి ఎవర్నీ అడక్కుండా పళ్ళెంలోంచి పిల్లని ఎత్తుకుని, బల్ల మీద కూర్చుని పైట కప్పుకుంది.

పక్కగదిలోంచి డాక్టరుగారు ఎంతుందని కేకేశారు.

"రెండు కిలోల ఆరు వందలు సార్," అని ఎవాంజెలిన్ కూడా అంత గట్టిగానే చెప్పింది.

రోహిణి తలెత్తలేదు.

"ధీరే, దీదీ, మెల్లగా," అంది. "తాగుతోంది."