అల్లుడు తెచ్చిన బాయిలర్

మల్కాపురంలో గురునాథరావు లాండ్రీకి కొత్త బాయిలర్ కావాలి. హోటళ్ళ దుప్పట్లు ఉతకడానికి ఆవిరి దాన్నుంచే రావాలి. పన్నెండేళ్ళుగా బాయిలర్ మంట చూసుకుంటున్నది అతని తమ్ముడి భార్య తాయారు. బీచ్‌లో బొండాల బళ్ళవాళ్ళు పారేసిన కొబ్బరి డొక్కలే వాళ్ళ ఇంధనం. పచ్చివి, పీచుతో సహా, ఎలా వస్తే అలాగే పొయ్యిలోకి పోతాయి.

పాత బాయిలర్‌కి ఇంధనాన్ని లోపలికి తోసే స్క్రూ ఉండేది. ఓ రోజు దానికి పీచు చుట్టుకుంది. స్విచ్ ఆపి లాగుతుంటే, బిగిసిన స్క్రూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి తాయారు ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుపోయింది. ఆ తర్వాతే ఆ స్క్రూని పీకి పారేశారు. ఇప్పుడు మళ్ళీ అలాంటి స్క్రూ ఉన్న బాయిలరే ట్రయల్‌కి తెచ్చాడు గురునాథరావు అల్లుడు అశోక్. ఆ బాయిలర్లు అమ్మేది ఆయనే కదా, మావగారికి వేరేది ఎలా నచ్చుతుంది?

“పెద్ద తలుపు, కింద కదిలే కమ్మీలు ఉన్నది తీసుకోండి బావగారూ. డొక్కలు పారతో ఏసుకోవచ్చు,” అంది తాయారు.

“నీకేటి తెల్సు? ఇది నడపలేకపోతే రేపట్నుంచి రాకు.”

అశోక్ కారులోంచి ఎండు చెక్కముక్కల సంచులు దించి స్క్రూ మీదున్న తొట్టిలో పోశాడు. మంట భగ్గుమంది. మావగారి మొహం వెలిగిపోయింది, తాయారుకి ఒళ్ళు మండిపోయింది. ఏడాది పొడుగునా చెక్కముక్కలు ఈయనే తెచ్చిపెడతాడా? ఆమె గుట్ట అడుగునుంచి తడి డొక్కలు తవ్వి తొట్టిలో కుమ్మరించింది.

రెండు నిమిషాలు పట్టలేదు. పీచు చుట్టుకుని స్క్రూ మూలిగి ఆగిపోయింది.

“స్విచ్ ఆపేశాను చిన్నత్తగారూ, చెయ్యి పెట్టి లాగెయ్యండి,” అన్నాడు అశోక్.

“లాగు తాయారూ,” అన్నాడు గురునాథరావు.

పనివాళ్ళంతా ఆమె ఎడమచేతి వంక చూశారు. గురునాథరావు మాత్రం చూడలేదు.

“నాను రేపట్నుంచి రాను కదా. అల్లుడుగారిని లాగమనండి.”

“స్విచ్ ఆపేనన్నావు కదా, లాగు బాబూ,” అన్నాడు గురునాథరావు.

అశోక్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. మెకానిక్‌ని పంపిస్తానన్నాడు.

గురునాథరావు ఆ జేబుల వంక చూశాడు.

“ఆ పెద్ద తలుపుది ఎక్కడ దొరుకుతాది?” అని అడిగాడు, తాయారు వైపు తిరగకుండానే.

“సెప్తాను. ముందు దీన్ని సూసి అడగండి,” అని ఆమె మూడు వేళ్ళు మిగిలిన చెయ్యిని అతని మొహం ముందు పెట్టింది.