బల్లకి అవతలి వైపు

బైనాకి బడిలో బెంచీ మీద చోటు దొరికితే గదా! చంకలో చంటివాళ్ళతో వచ్చే ఆడపిల్లలందర్నీ టీచరమ్మ బల్లకి అవతలి వైపు నిలబెట్టేది. చంటివాళ్ళు కాగితాలు చింపేస్తారని ఆవిడ భయం. ఆ భయమూ న్యాయమే, ఉన్నవి గుప్పెడు పుస్తకాలు. మరి ఆ పిల్లలు మాత్రం ఏం చేస్తారు? కరోలినా తీరంలోని ఆ దీవిలో తల్లులంతా తెల్లారేసరికి పత్తి చేలో ఉంటారు. చంటివాళ్ళని మోసేది ఈ అక్కలే. దొర కింద బానిసలుగా ఉన్నప్పుడూ అంతే, స్వేచ్ఛ వచ్చాకా అంతే.

పుస్తకం బెంచీ మీదవాళ్ళ వైపు తిరిగి ఉండేది. బైనా తమ్ముడు ప్రిమస్‌ని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంటూ, మెడ సాచి, కనిపించినంత మేర మింగేసేది. ఒక్కసారి ఆ పుస్తకాన్ని ముట్టుకోవాలని ఆ పిల్ల ప్రాణం ఎంత కొట్టుకునేదో! బెంచీ మీద కూర్చుని నిద్రపోయే మగపిల్లల్ని చూస్తే ఒళ్ళు మండేది.

తల్లి హేగర్‌కి ఈ చదువు గొడవ గిట్టదు. కలుపు తీసే రోజులొచ్చాయి, ఇంక బడి చాలు అంది. బైనా ఏడ్చింది, బతిమాలింది, అన్నం మానేసింది. చివరికి హేగర్ విసిగిపోయి ఒక మాటకి ఒప్పుకుంది. పుస్తకాలు పంపించే ఉత్తరాది రాష్ట్రాల పెద్దమనిషి ఆ వారం బడి చూడ్డానికి వస్తున్నాడు. చదివి చూపించినవాళ్ళకి సొంతానికి పుస్తకం ఇస్తాడట. బైనాకి వస్తే బడి, రాకపోతే చేను.

పెద్దమనిషి వచ్చాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచాడు. బైనా వంతు రాగానే ప్రిమస్‌ని పక్కపిల్లకి అప్పగించి ముందుకెళ్ళింది. ఆయన పుస్తకం తెరిచి చేతిలో పెట్టాడు.

బైనా పేజీ మీదికి వంగింది. ఒక్క అక్షరం కూడా తెలిసినట్టు లేదు! ఏం చేస్తున్నదీ తనకే తెలియకుండా పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంది.

బెంచీ అంతా గొల్లుమంది. పెద్దమనిషి కూడా నవ్వాడు, పాపం మంచిగానే నవ్వాడు. ఈ అమ్మాయికి పుస్తకం పట్టుకోవడం కూడా ఇంకా రాలేదు, వచ్చే ఏడాది చూద్దామని టీచరమ్మతో చెప్పి, పుస్తకం తీసుకుని బల్ల మీద తన ముందు పెట్టుకున్నాడు. టీచరమ్మ తల దించుకుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్లలకి పుస్తకం ఎటునుంచి కనిపిస్తోందో ఆవిడకి తట్టనే లేదు.

వచ్చే ఏడాదా! చేలోకి దిగినవాళ్ళు మళ్ళీ బడి మొహం చూస్తారా? బైనా కదల్లేదు.

"అది మీ ముందే ఉంచండి అయ్యగారూ. నేను ఇక్కణ్ణించే చదువుతాను."

ఆయన ముందు తెరిచి ఉన్న పేజీని ఎదురుగా నిలబడి చదివేసింది. కంఠతా పట్టి ఉంటుందనుకుని ఆయన వెనకెక్కడిదో ఇంకో పేజీ తీశాడు. బైనా ఆగింది. పెదాలు తడుపుకుంది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, పడవ గురించీ గాలి గురించీ అక్కడున్నదంతా చదివింది. ఈసారి బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి హేగర్ చేలోంచి వచ్చి పొయ్యి మీద చిలగడదుంపలు పడేసి గుమ్మంలో కూర్చుని ఉంది. బైనా పెద్దమనిషి ఇచ్చిన పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి ఎదురుగా కూలబడింది. ఇంక చేలోకి రానక్కర్లేదు గదా అని అడిగింది. హేగర్ చేతులు గౌనుకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుని అప్పుడు పుస్తకం తెరిచింది.

"వీటితో పేర్లు కూడా రాస్తారా?"

"ఏ పేరైనా రాస్తారమ్మా."

"కడ్జో అని రాయాలంటే మొదట ఏది రావాలి?"

కడ్జో బైనాకి అన్న. దొర వాణ్ణి అలబామా వాళ్ళకి అమ్మేసిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ వాడి పేరు ఎత్తలేదు. అమ్మ మర్చిపోయిందనే బైనా అనుకుంది.

పుస్తకం తిప్పకుండానే, తన వైపు నుంచే వెతికి ఒక అక్షరం చూపించింది. హేగర్ దాని మీద వేలు ఆనించింది.

"వాడు ఎక్కడున్నాడో ఇది చెబుతుందా?"

"చెప్పదమ్మా."

"అయితే చెప్పేదాకా చదువు."

పొయ్యి మీద దుంపలు మాడుతున్న వాసన వస్తోంది. హేగర్ ఆ వేలు తియ్యలేదు.