ఎడమ తలుపు స్పీకరు

కళ్ళజోళ్ళ షాపాయనకు ఆ ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారంటే ప్రాణం. ఒకరు వాడి అమ్మిందే అయినా, దాన్ని షాపు ముందు నిలుపుకుని, బేరాలు లేని వేళ అద్దాల తలుపులోంచి చూసుకుంటూ కూర్చునేవాడు. అందులో ఆయనకు కనిపించే లోటు ఒక్కటే. పాట పెడితే రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది, ఈ మధ్య మరీను. అదే కారులో ఖరీదైన రకానికి కంపెనీవాళ్ళే మంచి సౌండ్ సిస్టమ్ బిగించి అమ్మారు. తలుపుల్లో పెద్ద స్పీకర్లు, సీట్ల వెనక బేస్ పెట్టె, దాని పక్కన యాంప్లిఫయరు. ఈయనది చవక రకం.

బజారులో దొరికే ఏదో ఒకటి పెట్టించుకుంటే పూటలో తేలిపోయే పని. కానీ ఆయనకు పట్టింపు ఎక్కువ. కారు ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందనిపించాలి, ఎక్కడా కొత్త బటన్ గానీ వేలాడే వైరు గానీ కనబడకూడదు. పాత కార్లు విప్పి అమ్మే యార్డుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి ముందు భాగం నుజ్జయిన ఆ ఖరీదైన రకం కారొకటి కనిపిస్తే, వైర్ల కట్టతో సహా సిస్టమంతా ఊడబీకించి తెచ్చుకున్నాడు.

బిగించడానికి బావమరిదిని పిలిచాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. వైర్లంటే భయం లేదు, బావంటే మాత్రం కొంచెం ఉంది. ఇద్దరూ కలిసి సీట్లు దింపి, కింద పరిచిన మ్యాట్ ఎత్తి, వైర్లు పరిచారు. తలుపులోకి కొత్త వైరు పంపడానికి దారి బొటనవేలంత రబ్బరు గొట్టమే. అందులోంచి వైరు లాగేసరికి ఇద్దరి వేళ్ళూ ఒరుసుకుపోయాయి. తలుపు లోపలి అట్ట ఊడదీస్తుంటే దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటే టప్పుమని విరిగాయి. అన్నీ కలిపి ఆన్ చేస్తే చప్పుడే లేదు. యాంప్లిఫయరు వచ్చిందన్న సంగతి కారులోని కంప్యూటరుకు తెలియజెప్పాలట. దానికోసం బావమరిది లాప్‌టాప్ తగిలించి కుస్తీ పట్టాడు. ఆ పని అయ్యేదాకా బావ పక్కనే నిలబడి సణుగుతూనే ఉన్నాడు.

మొత్తానికి పాట మోగింది. ఆయన మొహం విప్పారింది, మరుక్షణం ముడుచుకుంది.

“ఎడమ పక్క రావట్లేదు.”

బావమరిది ఆ తలుపు దగ్గర వంగి విన్నాడు. “వస్తోంది బావా. కుడిది ఎంతో ఇదీ అంతే.”

“ఎక్కడో మూల్గినట్టుంది. అంతేనంటావేంటి?”

ఇక అక్కణ్ణుంచి ఆ తలుపుకు సుఖం లేదు. విప్పారు, వైరు మార్చారు, మూశారు. మళ్ళీ విప్పి కుడి స్పీకరు ఎడమకు, ఎడమది కుడికి వేశారు. అయినా ఎడమే మందం. ఆయన యార్డుకు వెళ్ళి, పాడైన యాంప్లిఫయరు అంటగట్టారని పోట్లాడి ఇంకోటి తెచ్చాడు. దానితోనూ అదే తంతు. భార్యను కూర్చోబెట్టి వినిపిస్తే తనకు బాగానే ఉందంది. నీ పక్కనే ఉంది కాబట్టి నీకలాగే ఉంటుందని కొట్టిపారేశాడు. షాపులో కూర్చున్నా ధ్యాసంతా ఆ తలుపు మీదే. ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించబోయి నాలిక కరుచుకున్నాడు.

మళ్ళీ తలుపు విప్పమన్న రోజున బావమరిది ఓపిక చచ్చిపోయింది. తలుపులో ఏ లోపమూ లేదని, ఇక తన వల్ల కాదని చెప్పేశాడు.

“పొద్దస్తమానం లిఫ్టుల గోల విని నీ చెవులు పాడైపోయాయి. నిన్ను పిలవడం నాదే బుద్ధి తక్కువ,” అన్నాడు బావ.

బావమరిది చేతులు తుడుచుకుని, స్క్రూడ్రైవర్లు పెట్టెలో సర్దుకుని, అక్కకు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం ఆయన ఒక్కడే పనికి దిగాడు. పాట పెట్టి, సీటు వెనక పైకి లేచిన మ్యాట్ అంచు నొక్కుదామని డ్రైవరు సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగాడు. అంతే, ఎడమ తలుపు ఖంగున పలికింది. ఇన్నాళ్ళకు దొంగ దొరికాడు, మోకాలి బరువుకు ఎక్కడో వదులు వైరు తగిలిందనుకున్నాడు. ఊపిరి బిగబట్టి, ఏదీ కదలకుండా మెల్లగా ముందుకు తిరిగాడు. పోయింది. వెనక్కి తిరిగాడు. వచ్చింది. ఈసారి కుడి తలుపు మూగబోయింది. స్పీకర్లు కాదు, తానే తిరుగుతున్నాడు.

నెమ్మదిగా కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. కారు, పాట, వీధి అన్నీ దూరంగా ఎవరో మూత పెట్టేసినట్టయ్యాయి.

వేలు తీసి, ముందుకు తిరిగి సీట్లో కూర్చున్నాడు. కళ్ళ పరీక్ష బోర్డు మీది అక్షరాలే సరిగ్గా అచ్చుపడలేదని తన షాపులో ఎంతమంది వాదించలేదు! వాళ్ళకు ఎంత ఓపికగా నచ్చజెప్పేవాడు! ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియక స్టీరింగును అరచేత్తో ఒక్కటిచ్చాడు.

ఇంట్లోకెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె బట్టలు మడతపెట్టడం ఆపింది.

“కారులో నేనేదన్నా చెప్తే మీరు పలికేవారు కాదు,” అంది. “నా మాట విసుగేమో అనుకున్నాను. అందుకే మాట్లాడ్డం మానేశాను.”

ఎప్పుడు మానేసిందో కూడా ఆయన గమనించలేదు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవి నరం బలహీనపడిందని, వినికిడి తిరిగి రాదని, మిషను పెట్టుకుంటే కొంత మేలని చెప్పింది. మీ హెడ్‌ఫోన్లలో ఎడమది సరిగ్గా పనిచేస్తోందా అని ఆయన అడిగాడు. ఆమె దాన్ని తీసి ఆయన కుడి చెవికి పెట్టింది. అందులోని కూత స్పష్టంగా వినిపించింది.

ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పి, ఆ రోజు అన్నది తప్పన్నాడు. “నాకు తట్టి ఉండాల్సింది బావా,” అన్నాడు అతను. ఇంకా కొంచెం బిగుసుకునే ఉన్నాడని గొంతులో తెలిసింది.

మిషను పెట్టుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. ఎడమ స్పీకరు వినిపించింది గానీ, ఆయన కలలుగన్న పాటలా కాదు. గిన్నెలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. అలవాటవడానికి సమయం పడుతుందని డాక్టరు ముందే చెప్పినా చిరాకు ఆగలేదు. దానికి తోడు ఆ తలుపు గతుకు గతుక్కీ టపటపలాడుతోంది.

“ఈ చప్పుడు ఎప్పట్నుంచి?”

“మీరు దాన్ని విప్పడం మొదలుపెట్టినప్పట్నుంచీ.”

పళ్ళు నూరుకుంటూ పాట ఆపేశాడు. తలుపు కొట్టుకుంటూనే ఉంది. ఆ రొదలోనే ఆమె తన ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరు గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకు సగం అందింది, సగం అందలేదు.

“మళ్ళీ చెప్పు,” అన్నాడు.

ఆమె కొంచెం గొంతు పెంచి, మొదటి నుంచి చెప్పింది.