కుదుళ్ళున్న జుట్టు

కెజియా చాకలి సోడా వేసిన నీళ్ళలో జుట్టు ఉడకబెడుతోంది. పావుగంట ఉడికితే జిడ్డు వదులుతుంది. తరువాత దాన్ని పొడవును బట్టి వేరు చేసి, ఇరవయ్యేసి వెంట్రుకలకు ఒక సీసపు గుండు కట్టి, నడుమ రంధ్రమున్న గుండ్రటి బల్ల చుట్టూ వేలాడదీసి అల్లాలి. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. వేళ్ళు వంకరపోయాయి, కళ్ళు ఎర్రబారాయి. ఇంగ్లీషు రాణిగారు భర్త పోయి నల్లబట్టలు కట్టినప్పటినుంచి విట్బీ రేవులో పోయినవాళ్ళ జుట్టు పతకంగానో గొలుసుగానో ఒంటిమీద లేకపోతే ఏడ్చినట్టే లెక్క కాదు. కెజియాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఊరి ఏడుపంతా ఆమె వేళ్ళ సందునుంచే పోయింది.

ఈ రోజుది కసాయి జేబెజ్ భార్య ఎస్తేర్ జుట్టు. మెట్ల మీదినుంచి పడి చచ్చిపోయిందన్నారు. పాతిపెట్టి నాలుగు రోజులైంది. నిన్న జేబెజ్ కాగితం పొట్లం బల్లమీద పడేసి, "గడియారానికి గొలుసు అల్లు. ఆదివారం ప్రార్థనకి పెట్టుకెళ్ళాలి. ఏదీ నీ పెళ్ళాం గుర్తు అని చంపుకుతింటున్నారు జనం," అన్నాడు.

నీళ్ళు ఎర్రబడ్డాయి. కెజియా జుట్టు పైకి తీసి కిటికీ వెలుగులో చూసింది. కత్తెర పడిన వెంట్రుకకు రెండు వైపులా ఉత్త కొసలే ఉంటాయి. వీటిలో ప్రతిదానికీ తెల్లటి కుదురుంది. కొన్నిటికి చర్మం ముక్క కూడా. బతికున్న తలనుంచి గుప్పిళ్ళతో పెరికిన జుట్టు ఇది. శవపేటికకు మేకులు కొట్టేముందు ఒక పాయ కత్తిరించుకోవాలని కూడా తోచలేదు ఆ మహానుభావుడికి. జనం అడిగేసరికి ఇంట్లో నేలమీద పడున్నదే ఏరుకొచ్చాడు.

కుదుళ్ళు కోసేసి గొలుసు అల్లితే ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరి జుట్టు గురించీ ఆమె నోరు విప్పలేదు. ఆ పూట మాత్రం కత్తెర పట్టలేదు. జుట్టును అద్దం మూతున్న పతకంలో కుదుళ్ళు పైకి కనబడేట్టు పరిచి బిగించి, ఎస్తేర్ తల్లి తామార్ ఇంటికి నడిచింది.

"పెద్దమ్మా, ఇది పోలీసుకి చూపించు. ఎవరి ముందైనా సరే, నేనొచ్చి చెబుతా."

ముసలమ్మ పతకం అందుకుని చూసింది. "నేను దువ్విన తలే ఇది," అంది. శాలువా కప్పుకుని బయల్దేరింది.

కెజియా తిరిగొచ్చి ఇంకో కుండ సోడా నీళ్ళు పొయ్యిమీద పెట్టింది. అవి మరిగేసరికి జేబెజ్ వచ్చాడు.

"ఏదీ గొలుసు?"

"అల్లలేదు. అల్లను కూడా."

"జుట్టేదే?"

"మీ అత్త దగ్గరుంది. కత్తిరించిన జుట్టుకి కుదుళ్ళుండవు నాయనా. రోజూ తోళ్ళు ఒలిచేవాడివి, ఆ మాత్రం తెలీదూ?"

అతను తలుపు గడియ పెట్టాడు. ఆమె జుట్టు పట్టుకుని నుదుటిని బల్లకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గుండ్లు గలగలమని నేలంతా దొర్లాయి. కింద పడితే పక్కటెముకల్లో తన్నాడు. లోపల ఏదో విరిగింది. "ఎటు పోయిందే ముసల్ది? చెప్పు!" అంటూ వంగాడు. ఆమె పాకి, పొయ్యి పట్టుకుని లేచి, కుతకుతలాడే సోడా నీళ్ళు అతని ముఖాన కుమ్మరించింది. అతని అరుపుకు వీధి వీధంతా వచ్చి తలుపు పగలగొట్టింది.

పోలీసుతోపాటు తామార్ వచ్చింది. పతకం పోలీసు చేతిలో ఉంది. కళ్ళు మూసుకుని గోలపెడుతున్న జేబెజ్‌ను ఈడ్చుకుపోయారు.

కెజియాను కుర్చీలో కూర్చోబెట్టారు. చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

"నీళ్ళు తాగుతావా తల్లీ?" అంది తామార్.

"వద్దు పెద్దమ్మా. ఆ గుండ్లు ఏరవూ, ఎవరైనా తొక్కి పడతారు."

తామార్ గుండ్లన్నీ ఏరి ఒళ్ళో పోసుకుని లేచేసరికి కెజియా ప్రాణంతో లేదు.

ముసలమ్మ ఏడ్చింది, కూతురికి ఏడ్చినంతా ఏడ్చింది. తరువాత కత్తెర తీసుకుని, నెత్తురంటని చోట నెరిసిన పాయ ఒకటి జాగ్రత్తగా కత్తిరించి, కాగితంలో మడిచి, పైన పేరు రాసింది. ఎవరికివ్వాలో తోచక అటూ ఇటూ చూసింది. ఊళ్ళో జుట్టు అల్లే చెయ్యి కెజియాదొక్కటే. పొట్లాన్ని బల్లమీద, ఆ రంధ్రం పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం దాటినా అది అక్కడే ఉంది.