రెండవ బేసుకడ తీర్పు

హేమంతము తొలియడుగు వేసిన దినములవి. ప్రాగ్దిశాముఖమున కుంకుమరేఖవలె పొడసూపిన యరుణకాంతి క్రమక్రమముగా నలుదెసల వ్యాపించి కలవలపాలెపు ఉన్నతపాఠశాల క్రీడాంగణమునందలి పచ్చికపై రేయెల్ల గూడుకొనిన మంచుబిందువులను మౌక్తికములుగా మార్చి మఱుక్షణముననే హరించుచుండెను. ఊరివెలుపలి చెఱకుతోటలను దాటి వచ్చు చల్లనిగాలి బెల్లము వండు పెనములనుండి లేచిన తియ్యని సువాసనను మోసికొనివచ్చి యచ్చట సాధనచేయుచున్న బాలికల జడకుచ్చులతో నాటలాడుచుండెను. సున్నముతో దిద్దిన ధవళరేఖలును పరుగెత్తువారు చేరవలసిన నాలుగుమూలల బేసులును మఱునాటి సమరమునకు సర్వసన్నద్ధములై యుండెను. జిల్లా బాలికల బేస్‌బాలు పోటీలలో కలవలపాలెము చింతగరువు జట్లు రెండును తుదియాటకు జేరినవి. గెలిచినవారు రాష్ట్రపుపోటీలకు బోవుదురు. ఆటకు గావలసినవన్నియు నుండెను గాని తీర్పుచెప్పు అంపైరు మాత్రము లేడు.

ఆ జిల్లాయందు అంపైరులు కొఱవడుట యా నాటిది కాదు. పూర్వము ఆటయందలి మక్కువచేత నుపాధ్యాయులును ఉద్యోగులును సెలవుదినములను మానుకొని యెండలో నిలిచి తీర్పులు చెప్పెడివారు. కాని ఓడినవారి దృష్టిలో అంపైరు గ్రుడ్డివాడు. గెలిచినవారి దృష్టిలో అంపైరనువాడు లేనేలేడు. ప్రేక్షకుల దూషణములకు దాళజాలక యొకరు మామిడితోటను జూచుకొనుటకు బోయిరి. మఱియొకరు వాలీబాలునందు మనుష్యుల నడుమ వలయైన నుండునని యా యాటకు దరలిపోయిరి. తుదకు మిగిలిన యొక్క యువకుడు నియమములు సరిగా నెఱుగక యే పక్షమువారి కేక బిగ్గరగా నున్న నా పక్షమునకు తీర్పు మార్చుచు సెమీఫైనలునందు ఒకే బంతిని మొదట మంచిదనియు పిమ్మట చెడ్డదనియు బలికి యుభయపక్షములవారి యాగ్రహమునకును బాత్రుడై బూట్లు చేతబట్టుకొని కదలుచున్న బస్సునెక్కి మాయమయ్యెను.

ఇక నా ప్రాంతమున అంపైరుగిరి యెఱిగిన వ్యక్తి యొక్కతెయే. ఆమె పేరు హైమవతి. ప్రాథమికపాఠశాలలో నుపాధ్యాయిని. కన్నెప్రాయమున స్వయముగా నీ యాటయందు పేరుగాంచి పిమ్మట శిక్షణ పొంది ఏండ్లతరబడి జిల్లాయందంతట తీర్పులుచెప్పిన నిశ్చలదృష్టిగల స్త్రీ. అట్టి యామె కొంతకాలము క్రిందట నొక బాలుర పంద్యమున నాగభూషణరావను బియ్యపుమిల్లు యజమాని కుమారుని అవుటని ప్రకటించెను. ఆ తండ్రి మైదానమున జొరబడి యందఱు వినుచుండగా ఆడదాని కీ యాట యేమి తెలియునని యఱచెను. గుంపులోనివారు నీళ్లపొట్లములు విసరిరి. నాడు తడిసిన చీరతో నింటికి బోయిన హైమవతి తన అంపైరు ముఖకవచమును అటుకపై బెట్టి మరల దింపలేదు. తనకు గలిగిన కష్టము నీళ్లపొట్లములది కాదనియు నచ్చట నున్న యంతమందిలో నొక్కరైన నిది తగదని పలుకకపోవుటయే యనియు నామె యెవ్వరికిని చెప్పలేదు.

ఆ యుదయమున నామె పెరటిలో బట్టలారవేయుచుండగా వాకిట దగ్గు వినవచ్చెను. వచ్చినవాడు నాగభూషణరావే. అతని కుమార్తె ధరణి యిప్పుడు కలవలపాలెపు జట్టునందు మేటి పరుగుగత్తె. అతడు గుమ్మముకడనే నిలిచి చేతిరుమాలును మడచుచు విప్పుచు నుండెను.

"టీచరుగారూ, రేపటి ఆటకి అంపైరు లేడంటండి. లేకపోతే ఫైనలు రద్దు చేసేస్తారంట. పిల్లలు అన్నం కూడా ముట్టలేదండి. మీరొక్కరు నిలబడితే ఆట జరుగుద్ది."

"ఆడదానికి ఈ ఆటేం తెలుసని అడిగింది మీరే కదండీ?"

"అడిగానండి. మావాడు ఓడిపోయాడన్న ఉక్రోషంలో నోరు పారేసుకున్నాను. తప్పేనండి. అప్పుడే వచ్చి చెప్పాల్సింది, మొహం చెల్లలేదు."

హైమవతి చేతిలోని తడిబట్టను పిండి దండెముపై వేసెను. ఆమె మనమున బాలికల యాకలిముఖములు మెదలెను. దానితోపాటు పాతబాధయు మెదలెను.

"నేనొక్కదాన్నే చాలనండి. బంతి వచ్చే చోట వెనకాల ఒకరుండాలి, బేసుల దగ్గర ఒకరుండాలి. మీకు రూల్సన్నీ తెలుసు కదా, కేకలు వేసేటప్పుడు విన్నాను. ఆ రెండో మనిషిగా మీరు నిలబడితే నేనొస్తాను."

"నేనా! అందులో మా అమ్మాయి ఆడుతుందండీ! జనం ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

అతడు తెల్లబోయి తుదకు తలయూచెను. ఆమె యా నిబంధన నవసరముచేత బెట్టెనో పగచేత బెట్టెనో యామెకే తెలియదు. చింతగరువు జట్టు శిక్షకుడైన సత్తారు మాష్టారి యనుమతిలేనిదే యిది పొసగదని హైమవతి యతనికి వర్తమానమంపగా నా వృద్ధుడు స్వయముగా వచ్చి "ఆట ఆగిపోయేకంటే ఇదే నయం మేడమ్. మీరున్నారు, నాకది చాలు" అని నవ్వి పోయెను.

మఱునాడు మైదానమంతయు జనసమ్మర్దమయ్యెను. చెట్లనీడలను గోడలపైనను ట్రాక్టరులపైనను జనమే. ముఖకవచము ధరించి బంతికొట్టు స్థానమగు హోముప్లేటు వెనుక వంగి నిలిచిన హైమవతికి మొదటిబంతి చేతితొడుగున ధ్వనించిన క్షణముననే పూర్వవిద్య యంతయు మరల వచ్చెను. ఆమె పలికిన ప్రతితీర్పును స్ఫుటమై తడబాటులేనిదై యుండుటచే నుభయపక్షములవారును మాఱుపలుకనేరరైరి. నాగభూషణరావు మాత్రము బేసులనడుమ నెండలో నిలిచి చెమటలుగ్రక్కుచు నొక్కొక్క తీర్పునకు ముందు జనమువంక జూచుచుండెను. అతడు కలవలపాలెమునకు ప్రతికూలముగా బలికిన నూరివారు గొణగిరి. అనుకూలముగా బలికిన చింతగరువువారు వెక్కిరించిరి.

ఆట తుదియంకమునకు వచ్చెను. చింతగరువు ఒక్క పరుగు ముందుండెను. కలవలపాలెమున కింకొక్కరు అవుటైన నాట ముగియును. మొదటి బేసుపై ధరణి నిలిచియుండెను. బంతి విసరబడినంతనే యా బాల వింటినుండి వెడలిన బాణమువలె రెండవ బేసువైపు దూసికొనిపోయెను. హోముప్లేటుకడనుండి బంతి యాకాశమార్గమున నామెను వెంబడించెను. చింతగరువు బాలిక సుహాసిని బంతిని బట్టి వంగి దానితో ధరణిని తాకుటయు ధరణి నేలపై జాఱి బేసు నంటుటయు నొక్కమాఱే జరిగినట్లు దోచెను. ఎఱ్ఱనిదుమ్ము లేచెను. జనమెల్ల నాగభూషణరావు చేతులవంక జూచెను.

అతని యరచేతులు రెండును అవుటుకాలేదను సేఫు సంజ్ఞకై ప్రక్కలకు విచ్చుకొనబోయెను. అంతలో నాగెను. మఱుక్షణమున గుడిచేయి పిడికిలియై పైకిలేచెను.

"అవుట్!"

చింతగరువు బాలికలు కేరింతలుకొట్టుచు మైదానమున బరుగులిడిరి. సొంతకూతురినే యవుటుచేసిన ధర్మాత్ముడని గోడలపైనివారు చప్పట్లు చఱచిరి. ధరణి మాత్రము బేసునుండి లేవక దుమ్ముగొట్టిన ముఖముతో తండ్రివైపు చూచుచుండెను. ఆ చూపునందు కోపములేదు. కేవల మాశ్చర్యమే యుండెను. హైమవతి దూరమున నున్నను ఆ విచ్చుకొనబోయిన చేతులను జూచియుండెను. ఆమె ముఖకవచము దీసి చేతబట్టుకొని మైదానమధ్యమునకు నడచెను.

"మీరేం చూశారండీ?"

"అవుటని చెప్పానుగా."

"చెప్పింది విన్నాను. చూసిందేమిటని అడుగుతున్నాను."

అతడు తలవంచి మెల్లగా నిట్లనెను.

"దాని కాలే ముందు తగిలిందండి. బంతి తర్వాత తాకింది. నేను సేఫంటే కూతురని చెప్పాడంటారు. ఇంతమంది ఉన్నారు, నన్ను బతకనిస్తారా? దానికంటే ఇదే మర్యాద అనుకున్నాను."

ఆ పలుకులు విన్నంతనే హైమవతి హృదయమునందు దీర్ఘకాలముగా ఘనీభవించియున్న దేదియో కరగిపోవుచున్నట్లు తోచెను. అతని నిచ్చట నిలిపినప్పుడు తా నాశించినది యిదియే కాబోలు. ఇప్పు డది కన్నులయెదుట నున్నను సంతోషము గలుగలేదు. వెఱచిన మనుష్యుడొక్కడు మాత్రము గానవచ్చెను.

"పిల్లకి అన్యాయం చేసి మీరు మంచివాళ్ళనిపించుకోవడం మర్యాద కాదండి. నేను మార్చడానికి లేదు, ఆ బేసు మీది. మీరే చెప్పాలి. తిడితే ఇద్దరినీ తిడతారు, నేను మీ పక్కనే ఉంటాను."

ఆ చివరిమాట యతనికి ధైర్యము నొసగెను. అతడు రెండవ బేసుకడకు నడచి యందఱకు గానవచ్చునట్లు రెండుచేతులను బారజాచి "నేను తప్పు చెప్పాను. సేఫ్!" అని యెలుగెత్తి పలికెను.

చప్పట్లు చఱచిన చేతులే పిడికిళ్లయ్యెను. "కూతురికోసం మార్చాడు!", "దొంగ అంపైరు!" అను కేకలు మిన్నుముట్టెను. చెప్పొకటి వచ్చి యతని పాదములకడ బడెను. కొందఱు గోడదుమికి ముందునకు వచ్చిరి. హైమవతి యతని భుజమునకు భుజము జేర్చి కదలక నిలిచెను. ఆ కోలాహలమునడుమ సుహాసిని చేతితొడుగులో బంతితోనే సత్తారు మాష్టారికడకు బరువెత్తెను.

"సార్, ఆమె కాలు ముందే తగిలింది. నేను తర్వాతే తాకాను. నిజం సార్."

మాష్టారు శిష్యురాలి ముఖమును క్షణకాలము చూచి దుమికివచ్చినవారి కడ్డముగా చేతులుచాచి "మా పిల్లే చెబుతోంది, ఇంక మీకేం కావాలయ్యా? ఎవరి చోట్లకి వాళ్ళు వెళ్ళండి" అని గర్జించెను. ముందునకు వచ్చినవారు వెనుకకు తగ్గిరి. చెప్పు విసరినవాడు దానికొఱకై వచ్చుటకు సిగ్గుపడి యొంటిచెప్పుతో నిలిచిపోయెను. అతనిని జూచి యెవ్వరో నవ్విరి. ఆ నవ్వు గుంపంతట బ్రాకి యాగ్రహము నార్పివేసెను.

ఆట మరల సాగెను. బ్యాటుపట్టి నిలిచియున్న బాలిక కొట్టినబంతి మింటికెగసి సూర్యబింబమున లీనమైనట్లు గానవచ్చి క్రిందికి దిగుచుండగా సుహాసినియే వెనుకకు బరువెత్తి దానిని రెండుచేతుల నొడిసిపట్టెను. గెలుపు చింతగరువునకే దక్కెను. ఈమాఱా విజయమును వేలెత్తి చూపుటకు గాని శంకించుటకు గాని యెవ్వరికిని దావులేకపోయెను.

ధరణి తండ్రికడకు వచ్చి కన్నులు తుడుచుకొనుచు "నాన్నా, ముందే ఎందుకు చెప్పలేదు?" అని యడిగెను.

"భయమేసిందమ్మా" అని యతడు బదులుపలికెను. కూతురియెదుట నా మాట యెన్నడును పలికియెఱుగని యా మనుష్యుడు దానిని పలికిన పిమ్మట బరువుదించుకొనిన కూలివానివలె నేలపై గూర్చుండి నీళ్లడిగి త్రాగెను.

ఊరివారిలో నిద్దఱు ముగ్గురు హైమవతికడకు వచ్చి తలగోకుకొనుచు అంపైరుపని నేర్చుకొనవలెనన్న నెంతకాలము పట్టునని యడిగిరి. నేర్చుకొనుటకు కొన్ని వారములు చాలుననియు నిలువబడుటకే కొంత యెక్కువ పట్టుననియు నామె చెప్పెను. సత్తారు మాష్టారు తన పాఠశాలనుండి మఱి ముగ్గురను బంపెదననెను. ఆమె యింటిదారి పట్టినప్పుడు మధ్యాహ్నపుటెండ తీవ్రముగానే యుండెను. అయినను నడక తేలికగా నుండెను. పొరుగింటి యామె యెదురై యాటలో నెవరు గెలిచిరని యడుగగా నామె నవ్వెనేగాని పేరు చెప్పుట మఱచిపోయెను.

లోకమున న్యాయమునకు కొఱత వచ్చుట కన్నులున్నవారు లేకపోవుటచేత గాదు. చూచినదానిని చూచినట్లు పలుకువాని ప్రక్కన నిలుచుటకు మఱియొకడు లేకపోవుటచేతనే. అట్టివాడొక్కడు దొరకినచో సామాన్యుడును పదిమందియెదుట నిజమాడగలడు.