జెట్టువి రెండు తీసేను

కూర్మారావుకి జీవరాజు మీద ఉన్నది మామూలు కోపం కాదు. కుళాయి దగ్గరా కోళ్ళ దగ్గరా ఇరుగుపొరుగులకి వచ్చే కోపాలు సాయంత్రానికి చల్లారిపోతాయి. ఇది ఏడు నెలలుగా పొద్దున్నే అతనితో పాటు లేచి, అతనితో పాటు ఆఫీసుకి వెళ్ళి, అతనితో పాటు అన్నం తిని బలిసిన కోపం.

కోరాపుట్ కొండల మీద విమానాల ఇంజన్లు తయారుచేసే కర్మాగారం ఒకటుంది. దాని టౌన్‌షిప్‌లో ఇద్దరివీ ఒకే గోడకి అటూ ఇటూ క్వార్టర్లు. కూర్మారావు ఆఫీసులో టైపిస్టు, నరసన్నపేట దగ్గరి మనిషి. జీవరాజు ఇంజన్లు పరీక్షించే షెడ్డులో టెక్నీషియను, భీమిలి నుంచి వచ్చినవాడు. అతని భార్య దయావతి టౌన్‌షిప్ ఆస్పత్రిలో నర్సు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాక జీవరాజుకి ఇక ఒకటే లోకం, విమానాల ఫొటోలు.

"రోజూ ఇంజన్లు సూస్తావు కదా, ఇంకా ఏటి పిచ్చిరా నీకు?" అని కూర్మారావు ఒకసారి అడిగాడు.

"ఇంజను గుండెకాయన్నా. గుండెకాయని సూస్తే మనిషిని సూసినట్టేటి?" అన్నాడు జీవరాజు.

ఎక్కడ విమానాల ప్రదర్శన ఉందని పేపర్లో పడినా సరే, సెలవు పెట్టి, లక్ష్మీపూర్ మీదుగా బస్సులో రాయగడ చేరి అక్కడ రైలెక్కేవాడు. రీలుకి పన్నెండు బొమ్మలు, ప్రదర్శనకి ఒక్క రీలు. చప్పుడు విని తలెత్తితే జెట్టు అప్పటికే దాటిపోయి ఉంటుందట. అది ఎటు నుంచి వస్తుందో ముందే కనిపెట్టి, దానితో సమానంగా నడుం తిప్పుతూ నొక్కాలట. చెయ్యి వెనకబడితే ముక్కు తెగుతుంది, ముందుకి పోతే తోక తెగుతుంది. కర్మాగారం చుట్టుపక్కల మాత్రం కెమెరా పైకెత్తేవాడు కాదు, అది నిషేధం. ఈ సంగతులన్నీ స్నేహంగా ఉన్న రోజుల్లో అరుగు మీద కూర్చుని జీవరాజే చెప్పాడు. కూర్మారావు కూడా వేరుశెనగకాయలు వొలుచుకుంటూ సరదాగానే విన్నాడు.

ఆ తర్వాత కూర్మారావు తల్లి సింహాచలమ్మకి జబ్బు చేసింది. డెబ్భై ఏళ్ళ బతుకులో ఆవిడ ఒక్కసారీ ఫొటో దిగలేదు. ఒకరోజు తనంతట తనే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, గోడ పట్టుకుని నడిచి అరుగు మీద కూర్చుంది.

"బాబూ, ఒక్కటి తియ్యి నాయినా. మనవలు సూసుకుంటారు" అంది.

జీవరాజు కెమెరాలో నాలుగు బొమ్మలు మిగిలి ఉన్నాయి. మర్నాడు విశాఖ వెళ్ళాలి. "నాను మనుషుల్ని తియ్యను పెద్దమ్మా. ఊళ్ళోకెల్లి స్టూడియోలో తీయించుకోండి" అని నవ్వేసి లోపలికి పోయాడు. బస్సెక్కే ఓపిక ఉంటే ఆవిడ గోడ పట్టుకుని ఎందుకు నడుస్తుంది? పన్నెండో రోజున పోయింది. పెద్దకర్మ నాడు దండ వెయ్యడానికి పటం లేదు. ఇప్పుడు కూర్మారావు కళ్ళు మూసుకుంటే తల్లి చెవుల దుద్దులు కనిపిస్తున్నాయి గాని మొహం కనిపించడం లేదు. ఇంతకంటే దుర్మార్గం లోకంలో ఇంకోటి లేదని అతను తేల్చుకున్నాడు. పాపం, అందులో మరీ తప్పూ లేదు.

డెబ్భై ఒకటి యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. కర్మాగారం స్టోరులో, జెట్టు ఇంజనులో తిరిగే రెక్కల్లాంటి బ్లేడులు రెండు మాయమయ్యాయి. సెక్యూరిటీ ఆఫీసరు ఉత్తరాది మనిషి, నవ్వు అతని ముఖానికి పడదు. గేటు దాటి వెళ్ళే టపా సంచి విప్పించి ఉత్తరాలు చదివించడం మొదలుపెట్టాడు. తెలుగు ఉత్తరం ఒకటి చేతికొస్తే, తెలుగు చదివి ఇంగ్లీషులో టైపు కొట్టే మనిషి కావాలన్నాడు. కూర్మారావుని పంపారు.

అది జీవరాజు దస్తూరీ. గుణుపురంలో బడిపంతులుగా ఉన్న బావ శుభాకర్‌కి రాశాడు.

"బావా, ఈసారి జెట్టువి రెండు తీసేను. రాయగడలో కడిగిస్తే ఒకటి శుభ్రంగా వచ్చింది. రెండోదానికి తోక తెగిపోయింది. మంచిది నీకు పంపుతాను. బయట ఎవరికీ చూపించకు."

కూర్మారావు రెండుసార్లు చదివాడు. మొదటిసారి ఏమీ అనిపించలేదు. రెండోసారి చెవులు వేడెక్కాయి. ఏం తీశాడో, ఏం కడిగించాడో, తోక ఎలా తెగిందో అతనికి తెలిసినంతగా ఆ టౌన్‌షిప్‌లో ఇంకెవరికీ తెలియదు. మొన్న గోడ అవతల నుంచి "తోక తెగిపోయింది దయా, ఒక్క అర సెకండు" అని జీవరాజు ఏడుపు గొంతుతో చెప్పడం కూడా విన్నాడు.

టైపు మిషను ముందు కూర్చుని ఒక్క అబద్ధం కూడా కలపకుండా ఇంగ్లీషులో కొట్టాడు. జెట్టువి, రెండు నంబర్లు, తొలగించితిని. కడిగించగా ఒకటి శుభ్రముగా వచ్చినది. రెండవదాని తోక తెగినది. మంచిది నీకు పంపెదను. బయట ఎవరికీ చూపవద్దు. మాటకి మాట. ఎవడైనా నిఘంటువు తెచ్చి చూసుకోవచ్చు. అలా అనుకుంటే ప్రాణం హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే నలుగురు గార్డులు జీవరాజు ఇల్లు తిరగేశారు. బియ్యం డబ్బా బోర్లించారు, పరుపు కోశారు. బ్లేడులు దొరకలేదు. రేకు పెట్టె నిండా విమానాలు దొరికాయి. అయిదేళ్ళ నెగిటివులు, ఒక్కోదాని అంచున తేదీ, గంట. ఒక గార్డు కెమెరా తెరిచి రీలు బయటికి లాగాడు. జీవరాజు వాడి చెయ్యి పట్టుకోబోతే మిగతా ముగ్గురూ కలిసి గోడకి అదిమారు.

కూర్మారావు కిటికీలోంచి అంతా చూశాడు. కడుపు నిండినట్టు ఉంటుందనుకున్నాడు. నిండలేదు.

ఆఫీసరు గదిలో జీవరాజు వచ్చీరాని హిందీలో మొత్తుకున్నాడు. ఉత్తరంలో తీసేనన్నది ఫొటోలని, అవి జనమందరి ముందూ జరిగిన ప్రదర్శనలో తీసినవని, చూస్తే ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారనే చూపించొద్దన్నానని చెప్పాడు. ఆఫీసరు కూర్మారావుని పిలిపించాడు.

"ముద్దాయి పెళ్ళామూ ఇదే అంటోంది. వాళ్ళు అంటారు. నువ్వు ఆఫీసు మనిషివి, నీ మాట రాసుకుంటాను. ఈ మాటకి ఫొటో అనే అర్థం ఉందా?"

జీవరాజు అతని వైపు తిరిగాడు. "నువ్వు సెప్పన్నా. ఒక్క మాట. నీకు తెల్దేటి?"

"ఉత్తరంలో ఫొటో అన్న మాట లేదు సార్" అన్నాడు కూర్మారావు.

"అది నేనూ చూశాను. అర్థం ఉందా లేదా?"

"లేదు సార్. తీయడమంటే తీయడమే."

జీవరాజు పళ్ళు బిగించి అన్నాడు. "పెద్దమ్మని తియ్యలేదనేనా? తప్పే. కాదన్నానా? అయితే నా బతుకు తీసేస్తావా?"

"ఏమంటున్నాడు?" అన్నాడు ఆఫీసరు.

"తిడుతున్నాడు సార్."

జీవరాజుని ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. నెల్లాళ్ళలో నివేదిక వెళుతుంది, ఆ తర్వాత కేసు. దయావతి ఉద్యోగం పుణ్యమా అని క్వార్టరు మాత్రం మిగిలింది. ఆవిడ డ్యూటీకి పోతూ కూర్మారావు గుమ్మం ముందు రోజూ ఆగి, కాండ్రించి ఉమ్మి మరీ పోయేది. టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ళు అతను వస్తే మాట ఆపేసి ఒరియాలో అందుకునేవారు. సంతలో పలకరించేవాడు లేడు. ఆఫీసరుకి మాత్రం అతను తెగ నచ్చాడు. తెలుగు ఉత్తరాలన్నీ ఇక అతని బల్ల మీదికే. ముందు పైకి తెలుగులో చదవాలి, తర్వాత అర్థం చెప్పాలి, వాక్యం మింగెయ్యకుండా ఆఫీసరు ఎదురుగా కూర్చుంటాడు.

ఇంట్లో భార్య గౌరీశ్వరి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు. ఒక్కసారే అడిగింది.

"మీకు తెలిసే సెప్పేరా?"

"మాయమ్మ మొహం నాకు లేకుండా సేసేడు వాడు."

"అత్త పోయేక మీ మొహం నాను సూడలేకపోతున్నాను. దానికి ఎవర్ని పట్టుకోమంటారు?" అని కంచం తీసుకుని లేచిపోయింది.

ఇరవయ్యో రోజున సంచిలోంచి వచ్చిన ఇన్‌లాండు కవరు మీద దస్తూరీ చూడగానే కూర్మారావు పోల్చుకున్నాడు. గౌరీశ్వరి రాయగడలో ఉన్న అక్కకి రాసింది. టపా ఎవరి చేతుల మీదుగా పోతుందో ఎరిగిన మనిషి అది. రాసింది అక్కకి కాదు, అతనికే.

"చదువు" అన్నాడు ఆఫీసరు.

దాటవేద్దామంటే గొంతు ముందే మొదలుపెట్టేసింది. "అప్పా, మా ఇంటాయన పక్కింటి జీవరాజు నోటికాడ కూడు తీసేడు. తెలిసే తీసేడు."

"ఆగు" అన్నాడు ఆఫీసరు. "జీవరాజు అన్నావు. తీసేడు అన్నావు. ఆ ముక్క నాకిప్పుడు తెలుసు. ఎవరు ఏం తీశారు?"

నిజం చెబితే తన ఉద్యోగం పోతుంది. జీవరాజు బ్లేడులు తీశాడని రాసిందంటే సాక్ష్యానికి గౌరీశ్వరిని పిలుస్తారు, ఆవిడ వచ్చి ఇంతకు పదింతలు చెబుతుంది. ఏదో ఒకటి అనాలి. జీవరాజు పేరు పక్కన ఆ మాటకి ఏ అర్థం నోటికి అలవాటో అదే ముందుకొచ్చింది.

"ఫొటో సార్. జీవరాజు... మా ఫొటో ఒకటి తీశాడని రాసింది. ఇంటి సంగతి."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు.

"ఫొటో" అన్నాడు.

కూర్మారావు అప్పుడు విన్నాడు, తను ఏమన్నాడో.

"ఆ రోజు ఆ అర్థం లేదన్నావు. నా చేత రాయించావు. సంతకం పెట్టావు."

"సార్, సందర్భాన్ని బట్టి..."

ఆఫీసరు వినలేదు. గుమ్మంలో ఉన్న గార్డుని కేకేసి, ఆస్పత్రికి పోయి నర్సు దయావతిని వెంటబెట్టుకు రమ్మన్నాడు. ఆవిడ తెలుగు చదవగలదు కదా, ఈ ఉత్తరం ఆవిడ చేత చదివిస్తానన్నాడు.

కూర్మారావు ఆ కవరు మీద అరచెయ్యి వేసి గట్టిగా అదిమి పట్టాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు ఆఫీసరు.