నాయనమ్మ నవ్వు కొలత

పెదనాన్న తన మిలిటరీ ట్రక్కుకి ఎడమవైపు బరువు మోసే ఇనప పట్టీల కమాన్ కట్ట ఊడదీసినప్పటి నుంచి మా ఊరు ఎడమకి ఒరిగి ఉంది. ఎవరూ కంగారు పడటం లేదు. అమ్మ అన్నం గిన్నె కింద చెక్కముక్క పెడుతుంది. బళ్ళో మేష్టారు బోర్డు మీద వాలుగా రాస్తారు. మేం తలలు వాల్చి చదువుకుంటాం.

ట్రక్కు చాలా పాతది. సైన్యంలో దాన్ని నడిపింది పెదనాన్నే. ఇద్దరూ ఒకే రోజు రిటైరై ఒకే రైల్లో వచ్చారు. ట్రక్కు కిటికీ పక్కన కూర్చుంది.

ఉన్న చిక్కల్లా నాయనమ్మ మంచంతోనే. ఊరి వాలుకి అది రోజూ కొంచెం వీధి చివరకి జారుతోంది. నాయనమ్మ హాయిగానే ఉంది. మంచం ఎవరి గుమ్మం ముందుకి చేరితే వాళ్ళు కాఫీ ఇస్తారు. కానీ వీధి చివర పొలిమేర రాయి ఉంది. అది దాటితే నాయనమ్మ పక్క ఊరి మనిషైపోతుంది. పక్క ఊరివాళ్ళు అప్పుడే ఆమె కోసం తాటాకు పందిరి వేస్తున్నారు.

నేను మాట్లాడేది నాయనమ్మ ఒక్కదానితోనే. అదీ చెవిలో. మిగతావాళ్ళ ముందు నా మాట గొంతు దాకా వచ్చి, చెప్పులు విప్పి, అక్కడే కూర్చుంటుంది.

కమాన్లు బాగుచేసే ఖాజా మామయ్య సైకిల్ వెనక మండే కొలిమిని కట్టుకుని వస్తాడు. కట్ట విప్పి ఇనప పట్టీలను నేల మీద పరుస్తాడు. ఒకప్పుడు అవి నవ్వులా వంగి ఉండేవట. బరువులు మోసి మోసి సాగిపోయాయి. మళ్ళీ వంపు కొట్టాలంటే కొలత కావాలి. అందుకని ఒక తీగ పట్టుకుని నాయనమ్మ మంచం వెంట నడుస్తాడు. ఆమె నవ్వగానే ఆ బోసినోటి వంపుకి తీగ వంచుకుంటాడు. పెద్ద పట్టీని ఎర్రగా కాల్చి ఆ వంపుకే సమ్మెటతో కొడతాడు.

పట్టీ చిన్నదయ్యే కొద్దీ వంపు కాస్త పెరగాలి. అప్పుడే అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి ప్రతి పట్టీకీ నాయనమ్మ ఇంకాస్త ఎక్కువ నవ్వాలి. వీధంతా పనులు మానుకుని ఆమెను నవ్విస్తుంది. పెదనాన్న సెల్యూట్ కొట్టబోయి, వాలుకి జారి గడ్డివాములో పడతాడు. ఆఖరి చిన్న పట్టీకి మాత్రం ఎవరి వేషాలూ చాలవు. నేను వెళ్ళి ఆమె చెవిలో ఒక మాట చెబుతాను. నాయనమ్మ ఎంత నవ్వుతుందంటే మంచం ఇంకో ఇల్లు దాటేస్తుంది.

పట్టీలు చల్లారాక అమ్మ వాటిని చింతపండూ బూడిదా పెట్టి తోముతుంది. తోమినవాటిని పళ్ళేలు బోర్లించినట్టు పేరుస్తుంది. అన్నిటికంటే పెద్దది అడుగున, చిన్నది పైన.

అది తప్పని నాకు తెలుసు. కట్ట ఊడదీసే ముందు రోజు ఇంటికి చుట్టాలొస్తే నేను ట్రక్కు కింద దాక్కున్నాను. పెద్ద పట్టీ పైన ట్రక్కుని పట్టుకుని ఉంది. చిన్నవి దాని కింద ఉన్నాయి.

పెదనాన్న ఆ పేర్పు చూసి బుర్ర గోక్కుంటాడు. అమ్మ ఆయనకి తమ్ముడి భార్య. ఆమె బావగారితో మాట్లాడదు. ఆయన ఆమె సర్దినదాన్ని ముట్టుకోడు. వాళ్ళిద్దరి మధ్య మాటలు చేరవేసేది నాయనమ్మ. ఆమె ఇప్పుడు వీధి చివర ఉంది.

“కట్ట ఇలాగే ఉండాలా అని మీ అమ్మనడుగమ్మా” అంటాడు పెదనాన్న నాతో, అమ్మ పక్కనే ఉండగా.

“మీ పెదనాన్నగారికి ఎలా కావాలో చెప్పమనవే” అంటుంది అమ్మ, గోడకేసి చూస్తూ.

రెండు మాటలూ వచ్చి నా ముందు నిలబడతాయి. మోకాలెత్తు ఉన్నాయి. నేను తల దించుకుంటాను. కాసేపు చూసి, వెళ్ళి అరుగు మీద కూర్చుంటాయి.

ఖాజా మామయ్య నా పక్కకి వంగుతాడు. “తప్పని నాకూ కనబడతానే ఉంది తల్లీ. ఇంటావిడ సర్దింది నేను తిప్పితే బాగుంటదా?” అని బోల్టు బిగించేస్తాడు.

జాకీ దించగానే ఊరు ఇంకా ఒరుగుతుంది. కోళ్ళు గుమ్మడికాయల్లా దొర్లుతాయి. నాయనమ్మ మంచం పరుగెత్తుకెళ్ళి పొలిమేర రాయికి ఆనుకుని ఊగుతుంది. అవతల పక్క ఊరివాళ్ళు బంతిపూల దండతో నిలబడి ఉన్నారు.

“వనజా, వీళ్ళు కాఫీలో పంచదార ఎక్కువేత్తారటే. నువ్వేవన్నా అంటావా, దాటెయ్యనా?” అని అక్కడి నుంచి నన్ను అడుగుతుంది నాయనమ్మ.

ఆమె చెవి అందనంత దూరంలో ఉంది. నా గొంతులో కూర్చున్న మాట లేచి, చెప్పులు వేసుకుంటుంది.

“అమ్మా, పళ్ళేల్లా కాదే. పెద్దది పైనుండాలి.”

ఇళ్ళ మీది పెంకులన్నీ వినడానికి ఇటు తిరుగుతాయి. అరుగు మీది మాటలు రెండూ లేచి దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోతాయి. ఇక వాటికి పని లేదు.

అమ్మ గోడ మీంచి చూపు తిప్పుతుంది. “బావగారూ, తిప్పెయ్యండి.”

“అలాగేనమ్మా” అంటాడు పెదనాన్న. ఆయనే పానా అందుకుంటాడు.

కట్ట తిరగేసి బిగిస్తారు. ట్రక్కు దిగి, ఒకసారి కుంగి, లోపల్నుంచి నాయనమ్మలా నవ్వుతుంది. ఊరు సమంగా లేస్తుంది. మంచం ప్రతి గుమ్మంలోనూ ఖాళీ గ్లాసు ఇచ్చేస్తూ వెనక్కి వస్తుంది. పక్క ఊరివాళ్ళు దండ రాయికి వేసి చప్పట్లు కొడతారు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పెదనాన్న ట్రక్కు స్టార్ట్ చేస్తాడు. ట్రక్కు కదలదు. ఊరు కదులుతుంది. ఇళ్ళూ బడీ గడ్డివాములూ ఎగిరెగిరి పడుతూ మెత్తగా ముందుకి పోతున్నాయి. దండ వేసుకున్న పొలిమేర రాయి ముందు దారి చూపిస్తోంది. నేనూ నాయనమ్మా ట్రక్కు వెనక ఎక్కి నిలబడి ఉన్నాం.

పట్టపగలు దారి పక్కన నెలవంకలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ తుప్పు పట్టి, కర్రల్లా సాగిపోయి ఉన్నాయి. ఖాజా మామయ్య సైకిల్ దిగి కొలిమి ఊదుతాడు. తీగ నాయనమ్మకి అందిస్తాడు. ఆమె దాన్ని నా పెదవుల దగ్గర పెట్టి వంచుతుంది. ఈసారి నేను నోటికి ఓణీ కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వుతాను.

“ఇది పెద్దదానికి” అంటుంది నాయనమ్మ.

అన్నిటికంటే పెద్ద నెలవంక వచ్చి నిప్పుల మీద పడుకుంటుంది. ఎర్రబడుతూ, ఇంకాస్త నవ్వమని నన్ను అడుగుతోంది.